కొలత లేని పేజీకి మొగులయ్య కట్టిన తోరణం

గౌడవెల్లి బడిలో ఏడో తరగతితో చదువు ముగించిన మొగులయ్య, 1991 మొదలు పదిహేనేళ్లలో మేడ్చల్ నుంచి శామీర్‌పేట దాకా రెండువేల మూడువందల బోర్డులు రాశాడు. ఒక్క అక్షరమూ పక్కకు ఒరగనివ్వని చెయ్యి అది. ఫ్లెక్సీలొచ్చి ఆ చేతికి పని లేకుండా చేశాయి. యాభై దాటాక మౌస్ పట్టి, నలభై రోజుల్లో కంప్యూటర్ మీద బొమ్మలు గీయడం నేర్చినవాడు ఆ చుట్టుపక్కల ఇంకొకడు లేడు.

2008లో దూలపల్లి దగ్గర ఒక కాలనీ సంఘం వెబ్‌సైట్ పెట్టుకుంది. నోటీసులు కార్యదర్శి శేషారత్నం ఎప్పటికప్పుడు తానే రాసుకుంటుంది. వాటి చుట్టూ ఉండే రంగులు, అలంకారం, అంటే థీమ్, మొగులయ్య గీయాలి. కండ్లకోయ కాలేజీలో కంప్యూటర్లు చూసే అతని కూతురు హరిచందన దాన్ని సైట్‌లోకి ఎక్కించాలి. ఇది కుదిరితే మరో రెండు కాలనీలు పని ఇస్తామన్నాయి. కుదరకపోతే ఇక బండ్ల నంబర్ ప్లేట్లే గతి.

ఆదివారం సంఘం ఆఫీసులో అందరి ముందు సైట్ తెరిచారు. నాలుగు వైపులా మామిడాకుల తోరణం, రెండు పక్కలా చిలుకలు. శేషారత్నం మురిసిపోతూ కూర్చుని నీళ్ల ట్యాంకరు వేళలు వీధుల వారీగా టైపు చేసింది. పదకొండో వీధి దగ్గర అక్షరాలు కింది తోరణం మీదికెక్కాయి. పన్నెండో వీధి తోరణం దాటి బయటికి జారింది.

"మా వీధికి నీళ్లు ప్రహరీ బయటే పోస్తారన్నమాట" అన్నాడు పన్నెండో వీధి జానకిరామయ్య. అందరూ నవ్వారు.

మొగులయ్య లేచాడు, కూర్చున్నాడు, మళ్లీ లేచాడు. "జర తక్కువ రాయరాదమ్మా. నాలుగు మాటలల్ల దుకాణం మొత్తం చెప్పినోన్ని నేను."

"ఇరవై వీధులున్నాయండీ. ఏ వీధికి నీళ్లు మాన్పించమంటారు?"

హరిచందన మెల్లగా అంది. "నాయినా, నువ్వు కొలత వెట్టి ఒకటే బొమ్మ గీసినవ్. గీ పేజీకి కొలత లేదు."

"ముందుగాల చెప్పకపోతివి."

"చెప్పిన. కొలత లేని బోర్డు యాడనన్న ఉంటదా అని నవ్వినవ్."

అతను గంట గడువు అడిగాడు. బొమ్మను విడగొట్టాడు: పై తోరణం ఒక ముక్క, కింది తోరణం ఒక ముక్క. పక్కలకు మాత్రం జానెడు ఆకుల పట్టీ ఒకటి చాలు, రాత పెరిగినకొద్దీ అదే కిందికి కిందికి అచ్చు పడుతూ పోతుంది. కానీ పట్టీలో చిలుకలు పట్టవు. పన్నెండు రోజులు గీసిన చిలుకలు.

"తీసెయ్ బిడ్డా" అన్నాడు, తెర వైపు చూడకుండా.

ఆకుల అతుకు కనబడుతోందని రెండుసార్లు చెరిపి గీశాడు. అప్పుడు శేషారత్నం ఇరవై వీధులూ రాసింది. తోరణం రాత వెంబడే దిగింది, ఎక్కడా తెగలేదు.

"మిగతా కాలనీలకు నేను చెబుతాలెండి, కూర్చోండి మొగులయ్య గారూ" అంది.

అతను కూర్చోలేదు. "ఇంకోటి రాయుండ్రి మేడమ్, ఇంకా పొడుగుది."

"రాయడానికి ఇంకేం లేదండీ."

"కరెంటు కోతలు లేవా?"