మూత లోపల నా గుర్తు

చేతిగడియారం మూత తీసి ఒక్క చూపు చూస్తే చాలు, లోపలి మిషన్ ఏ దేశంలో పుట్టిందో చెప్పేస్తానని సూరత్ లింబాయత్ గల్లీల్లో నాకు పేరు. ఆ పేరు పుట్టించింది నేనే. మిషన్ మీద చీమ తలకాయంత అంకె ఒకటి చెక్కి ఉంటుంది. కంటద్దంతో దాన్ని చదువుకుని, కాసేపు కళ్లు మూసుకుని, తర్వాత చెబుతాను. కళ్లు మూసుకోవడం ఒక్కటే నా సొంత విద్య.

కరోనా రెండోసారి వచ్చి కాస్త తగ్గిన రోజులవి. బట్ట నేసే సాంచాలు ఇంకా సగం బందే. నాకు జ్వరం వచ్చిపోయి నెలైనా నాలుగు మెట్లెక్కితే ఆయాసం. మాస్కులోంచి ఊపిరి పైకి తన్ని కంటద్దం మసకబారేది. తుడవడం, పెట్టుకోవడం, మళ్లీ తుడవడం. దుకాణం ఎందుకు తెరుస్తున్నానో నాకే తెలిసేది కాదు.

అప్పుడొచ్చాడు డిండోలి నుంచి ఒక సాంచాల కార్మికుడు. నలభై ఏళ్లుంటాయి. తండ్రి పోయాడట, గుండు మీద వెంట్రుకలు అప్పుడే మొలుస్తున్నాయి.

"బాపుది, కాకా. రోజు సానిటైజరు చేతికి కొట్టుకుంటె దీనికి సుత కొట్టేటోడు. బందువడ్డది. పొద్దున బాపు లేచి చావి ఇచ్చినంక దీని చప్పుడు ఇనుకుంటనే మేం లేస్తుంటిమి. జర నడిపియ్యి."

మూత విప్పాను. డయల్ మీద ఒక దేశం పేరు, లోపల మిషన్ ఇంకో దేశానిది. వదులుగా ఉందని చుట్టూ సిగరెట్ డబ్బాలోని వెండి కాగితం మడిచి దోపారు.

"మీ బాపును ఎవడో ముంచిండు బిడ్డా! అసల్ మాల్ గుంజుకొని వేరే మిషన్ ఎక్కించిండు. గిసొంటోని చేతులు ఇరగ్గొట్టాలె!"

అతని మొహం పాలిపోయింది. "అంటే, గిది బాపుది కాదా?"

జవాబు చెప్పేముందు మూత తిప్పి చూశాను. బాగుచేసినవాడు మూత లోపల సూదితో తన గుర్తు గీకడం మా పనివాళ్ల అలవాటు. రెండు గీతలు, కింద ఒక చుక్క. నాదే.

ఎన్నో ఏళ్ల కింద ఇరుసు విరిగి వచ్చిందది. కొత్త ఇరుసు కోసం సూరత్ అంతా గాలించాను. సరే, రెండు దుకాణాలు అడిగాను. విసుగొచ్చి, పాడైన గడియారాల డబ్బాలోంచి ఇంకో మిషన్ తీసి ఎక్కించాను. అసలుదాని చక్రాలు తర్వాత విడివిడిగా ఎవరెవరి గడియారాల్లోకి పోయాయో.

మూత బిగించేస్తే అయిపోయేది. అబద్ధమాడే ఓపిక కూడా లేదు ఆ రోజు.

"ఆ చేతులు ఇవే, బిడ్డా. మార్చింది నేనే. మీ బాపుకు చెప్పలే."

అతను మూత తీసుకుని ఆ గుర్తును వేలితో తడిమాడు.

"బాపుకు ఎర్కనే," అన్నాడు. "ఇంటికి తెచ్చిన దినమే అన్నడు, చప్పుడు వేరున్నది, దీని పేగులు మార్చిండు అని. పోయి కొట్లాడమన్నది అమ్మ. 'అడిగితె సిగ్గుతోటి చస్తడు, ఊకో' అన్నడు. ఇన్నేండ్లు మేం ఇన్నది గీ చప్పుడే. మళ్ల మార్చకు, గంతే."

నాలుగు రోజులు పట్టింది. పెట్రోలులో కడిగాను, సానిటైజరుకు పట్టిన తుప్పు గీకాను. ఒక మర రెండుసార్లు కింద పడింది. మూడోరోజు విసుగు పుట్టి పాడైన గడియారాల డబ్బా మూత తీశాను కూడా. మళ్లీ పెట్టేశాను.

అతనొచ్చి చావి ఇచ్చి చెవి దగ్గర పెట్టుకున్నాడు.

"రోజుకు పది నిమిషాలు ఎన్కకు పోతది," అన్నాను. "సానిటైజరు గిట్ల కొట్టకు."

చెవి దగ్గర నుంచి తీయకుండానే తలూపాడు. నా మాట విన్నాడో లేదో.