బల్లకు చేసిన రొట్టె

నరకం లేదని నాకు గుంటూరులో డిగ్రీ రెండో ఏడాదిలో తేలిపోయింది. ఆ సంగతి నా ఒంటికి మాత్రం ఎవరూ చెప్పినట్టు లేరు. తర్వాత కొన్నేళ్ళకు చిలకలూరిపేటలో ఒక ప్రైవేటు బడిలో సైన్సు టీచరుగా చేరాను. బడి హైవే పక్కనే. పత్తి లోడుతో పోయే లారీ ఏదైనా ఆపకుండా హారను మోగిస్తే నా గుండె జారిపోయేది. యేసు మళ్ళీ వచ్చేటప్పుడు మోగే రెండవ రాకడ బూర అదేనేమో, మంచివాళ్ళందరినీ పైకి తీసుకుపోయి నన్ను వదిలేశారేమో అని. బోర్డు మీద ఆమ్లాలూ క్షారాలూ రాస్తున్నదాన్ని కాస్తా ఆపి, రోడ్డు మీద మనుషులు ఇంకా ఉన్నారా లేదా అని కిటికీలోంచి చూసేదాన్ని. ఉండేవాళ్ళు. టీకొట్టు దగ్గర నిలబడి బీడీలు కాలుస్తుండేవాళ్ళు. హమ్మయ్య అనుకునేలోపే ఇంకో అనుమానం వచ్చేది. బీడీలు కాల్చేవాళ్ళు ఎలాగూ నాతోపాటు మిగిలిపోయే బాపతే కదా, వాళ్ళని చూసి ధైర్యం తెచ్చుకోవడమేమిటి? నా మీద నాకే ఒళ్ళు మండేది.

ఈ భయాన్ని నాలో నాటింది ఏ పెద్ద ప్రసంగీకుడో కాదు, మా అమ్మ. మా ఊరు పేట నుంచి వినుకొండ వైపు బస్సులో గంటన్నర. అక్కడ మిరపకాయలకు తొడిమలు తీసే పని ఆడవాళ్ళదే. పొద్దుటినుంచీ తీస్తే సాయంత్రానికి చేతులు భగభగమంటాయి. ఆ మంట నీళ్ళకు పోదు, సబ్బుకు పోదు. అమ్మ ఇంటికొచ్చి ఆముదం రాసుకుని, అరచేతులు పైకి పెట్టి గోడకానుకుని కూర్చునేది. నాకు ఏడేళ్ళప్పుడు, ఆదివారపు బడి ఎగ్గొట్టి వెళ్ళానని అబద్ధం చెప్పాను. అమ్మ తిట్టలేదు, కొట్టలేదు. దగ్గరికి పిలిచి తన వేలు నా పెదవి మీద ఆనించింది. నేను గెంతులేశాను.

"ఇది తెల్లారేసరికి చల్లారుద్ది. అక్కడిది చల్లారదు. అబద్ధాలాడమాక," అంది.

పెద్దయ్యాక దేవుణ్ణి వదిలెయ్యడానికి నా దగ్గర గొప్ప కారణాలేమీ లేవు. హాస్టల్లో ఒక సాయంత్రం మోకాళ్ళ మీద ప్రార్థన చేసుకుంటూ మధ్యలో ఆగాను. గోడతో మాట్లాడుతున్నానని తెలిసిపోయింది. లేచి, నానబెట్టిన బట్టలు ఉతుక్కున్నాను. ఏడుపు రాలేదు, హాయిగానూ అనిపించలేదు. నమ్మకం పోయేటప్పుడు తన సామాను మొత్తం సర్దుకుని పోతుందనుకున్నాను. భయాన్ని మాత్రం నా దగ్గరే వదిలేసి పోయింది.

అన్నిటికన్నా ఎక్కువ భయం బల్లంటే. మా సంఘంలో ప్రతి నెలా మొదటి ఆదివారం బల్లారాధన ఉంటుంది. అయ్యగారు రొట్టె విరిచి ముక్కలు పంచుతారు, చిన్న చిన్న గ్లాసుల్లో ద్రాక్షరసం ఇస్తారు. బాప్తిస్మం తీసుకున్నవాళ్ళంతా పుచ్చుకోవాలి. కానీ మనసులో కల్మషం పెట్టుకుని అందులో చెయ్యి వేసినవాడు తన శిక్షను తానే మింగినట్టని అయ్యగారు ప్రతిసారీ హెచ్చరించేవారు. ఊళ్ళో రోగాలన్నీ ఎందుకొస్తున్నాయనుకుంటున్నారు అని అడిగేవారు కూడా. నమ్మని మనిషి ఆ రొట్టె తింటే అంతకన్నా కల్మషం ఏముంటుంది? నమ్మనప్పుడు అది గోధుమపిండి ముక్కేగా అని నాకు నేను వెయ్యిసార్లు చెప్పుకున్నాను. చెప్పుకుంటూనే ఎనిమిదేళ్ళపాటు మొదటి ఆదివారాలు ఊరికి రాకుండా తప్పించుకున్నాను.

"నీ పరీక్షలూ, నీ జొరాలూ, బస్సులు లేకపోడాలూ అన్నీ మొదటి ఆదివారమే వచ్చి పడతయ్యేందే?" అని అమ్మ ఒకసారి అడిగింది. నేను నవ్వేసి మాట మార్చాను.

ఆ రొట్టె చేసేది మా అమ్మే. మా నాయనమ్మ తర్వాత ఆ పని ఆమెకు వచ్చింది. దానికి పెద్ద తతంగం ఉండేది. శుక్రవారం నుంచి మిరపకాయ ముట్టుకోదు, కోతలు ముమ్మరంగా ఉన్న రోజుల్లో కూడా కూలికి పోదు. శనివారం తలస్నానం చేసి, తెల్లచీర కట్టుకుని, సాయంత్రం దాకా ఉపవాసం ఉండి అప్పుడు పిండి కలుపుతుంది. కలుపుతున్నంతసేపూ నోరు విప్పదు. నల్లద్రాక్ష ఉడకబెట్టి, పల్చటి గుడ్డలో వేసి చేత్తో పిండుతుంది. మిరప ఎందుకు ముట్టుకోకూడదని అడిగితే, "పెబువు బల్లకి అది తగలకూడదు. మీ నాయనమ్మ చెప్పింది," అనేది. నేను దేవుణ్ణి వదిలేసినప్పుడు ఆ నియమాన్ని కూడా మూఢనమ్మకాల కింద జమకట్టి పక్కన పడేశాను.

2006లో, మిరప కోతల కాలంలో, మా వైపు కీళ్ళ జ్వరాలు వచ్చి ఊళ్ళకు ఊళ్ళే మంచమెక్కాయి. అమ్మకు వేళ్ళు వాచిపోయి మంచినీళ్ళ గ్లాసు కూడా పట్టుకోలేకపోతోందని నాన్న బడికి ఫోను చేశాడు. శనివారం పొద్దున్నే వెళ్ళాను. తీరా చూస్తే మర్నాడు మొదటి ఆదివారం. జ్వరం మాట విన్న కంగారులో ఆ సంగతే మర్చిపోయాను.

ఆ రోజు మబ్బు పట్టింది. కౌలు చేలో కోసిన కాయంతా కల్లంలో ఆరబోసి ఉంది. కూలీలందరూ జ్వరాల్లో పడున్నారు, నాన్న ఒక్కడే. నేనూ వెళ్ళి కాయ పోగేశాను, రంగు పోయిన తాలు కాయలు ఏరాను. నాన్నతో కలిసి పట్టాలు కప్పేసరికి సాయంత్రం నాలుగయింది. ఇంటికి రాగానే అమ్మ మంచం మీంచి అడిగింది.

"రొట్టె నువ్వే చెయ్యాలమ్మాయ్. మిరపకాయ ముట్టుకున్నావా?"

"లేదమ్మా. పట్టాలు కప్పొచ్చానంతే."

ముట్టుకున్నానంటే రొట్టె చేసే దిక్కు లేదు, అమ్మ బెంగపడుతుంది, అందుకే అలా అన్నానని చాలాకాలం చెప్పుకున్నాను. నిజం అది కాదు. ఆ నియమం నాకు నవ్వులాటగా ఉంది. సబ్బుతో రెండుసార్లు, బూడిదతో ఒకసారి చేతులు రుద్దుకున్నాను, అంతకన్నా పవిత్రత నాకు తెలియదు. పిండి కలిపాను. మాట్లాడకూడదు కాబట్టి అమ్మ మంచం మీంచి వాచిన చేతులతోనే సైగలు చేసింది, ఇంకొంచెం నీళ్ళు, ఇంకొంచెం గట్టిగా అని. పెనం మీద రొట్టెలు కాల్చాను. ద్రాక్ష ఉడికించి పిండాను. చేతులు చురచురలాడుతూనే ఉన్నాయి, పొయ్యి వేడి అనుకున్నాను. అంతా అయ్యాక అమ్మ కళ్ళు తుడుచుకుని, "నా తరవాత నువ్వే చెయ్యాలే," అంది. నేను పెనం కడగడానికి దొడ్లోకి వెళ్ళిపోయాను.

మర్నాడు పళ్ళెం గుడిలో ఇచ్చి, ఏదో వంక పెట్టి బయటికి జారుకోవాలని నా పథకం. కానీ అమ్మ నడవలేకపోయింది. నా భుజం మీద బరువంతా వేసి వచ్చి, ఆడవాళ్ళ వైపు చాప మీద నన్ను పక్కనే కూచోబెట్టుకుంది. నా ముసుగు కొంగు కూడా తన వేళ్ళ మధ్య చిక్కి ఉంది. అయ్యగారు ఎప్పటి హెచ్చరికే మళ్ళీ చదివారు. ఆ జ్వరాల్లో ఆ మాటలు ఇంకా బరువుగా దిగాయి. వయసొచ్చిన మనిషి బల్ల పుచ్చుకోకుండా కూర్చుంటే ఏదో తప్పు చేసిందనే మా ఊళ్ళో అర్థం. పేటలో ఒంటరిగా గది తీసుకుని ఉండే పెళ్ళికాని పిల్ల అలా కూర్చుంటే, సాయంత్రానికల్లా నాకో మనిషిని అంటగట్టేవాళ్ళు. అది నాకు లెక్కలేదు. అమ్మ ఊళ్ళో తలెత్తుకోలేకపోతుంది, అదీ నా బాధ.

పళ్ళెం వరస వెంట వస్తోంది. గోధుమపిండి, నీళ్ళు, నేనే కలిపాను, నేనే కాల్చాను, ఇందులో ఏమీ లేదు అనుకున్నాను. పళ్ళెం నా ముందుకు వచ్చింది. అమ్మ నా వైపే చూస్తోంది. ముక్క తీసుకుని నోట్లో వేసుకున్నాను.

ముందు ఏమీ కాలేదు. మింగాను. తర్వాత పెదవి చివర చురుక్కుమంది. ఆ తర్వాత నాలుక. రసం తాగితే చల్లబడుతుందని గ్లాసు ఎత్తాను, మంట గొంతులోకి దిగింది. చెవులు వేడెక్కాయి. ఏడేళ్ళ వయసులో అమ్మ వేలు తగిలిన చోటే, ఆ పెదవి మీదే, ఆ మంటే. ఇక నాకు ఆమ్లాలు గుర్తురాలేదు, క్షారాలు గుర్తురాలేదు. మొదలైంది అనుకున్నాను. ఇంత త్వరగానా అనుకున్నాను. ఎనిమిదేళ్ళుగా నేను ఒక్క మాట మాట్లాడని దేవుడితో, "క్షమించు, క్షమించు, అమ్మ పక్కన మాత్రం వద్దు," అని లోపల్లోపల అరిచాను.

అప్పుడు ఎవరో దగ్గారు. తలెత్తి చూస్తే మా పక్కింటి పెద్దమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఉంది, కళ్ళవెంట నీళ్ళు ధారలు కడుతున్నాయి. మగాళ్ళ వైపు ముక్కులు ఎగబీలుస్తున్నారు. స్తుతి ప్రార్థన మొదలుపెట్టిన అయ్యగారి గొంతు పూడుకుపోయింది. భక్తి అనుకున్నాను ముందు. కన్ను తుడుచుకోబోతే నా వేలు కంట్లో తగిలి నిప్పు పడ్డట్టయింది. అప్పుడు అర్థమైంది. కల్లం, తాలు కాయలు, నా చేతులు.

గుడి నిండా మనుషులు, అందరి నోళ్ళూ మండుతున్నాయి. ఒక్కరంటే ఒక్కరు రొట్టె మండుతోందని అనలేదు. ఎలా అంటారు? మండేది తన ఒక్కడికే అయితే? ఎవరి పాపం వాళ్ళు గుర్తుచేసుకుంటూ తలలు వంచుకుని కూర్చున్నారు. ప్రార్థన అయీ అవగానే, గట్టు తగాదాలో రెండేళ్ళుగా మాటల్లేని అన్నదమ్ములిద్దరు ఒకరి చేతులొకరు పట్టుకుని ఏడ్చారు. నాకు నవ్వు తన్నుకొచ్చింది. ముసుగు మొహం మీదికి లాక్కున్నాను. బతికిపోయానన్న సంతోషంతో ఒళ్ళు తేలికైంది. పక్కకు తిరిగి అమ్మను చూశాను. ఆమె వణుకుతోంది.

ఇంటికొచ్చాక అన్నం వద్దంది. గోడవైపు తిరిగి కూర్చుంది. మళ్ళీ జ్వరమేమోనని నుదురు పట్టుకుని చూశాను. లేదు.

"నా నోరు మండిందే," అంది చివరికి. "బల్ల పుచ్చుకున్నాక. ముప్పై ఏళ్ళలో ఎన్నడూ లేదు."

నేను నోరు తెరిచేలోపే ఆమే అంది. "ఎందుకో నాకు తెలుసు. నువ్వు నమ్మట్లేదని నాకు ఎప్పుడో తెలుసు. ఎనిమిదేళ్ళుగా ఆదివారాలు ఎట్టా తప్పించుకుంటన్నావో చూడలేనంత పిచ్చిదాన్నా? తెలిసే నీ చేత రొట్టె చేయించా. పదిమందిలో నా కూతురే చేసిందనిపించుకోవాలని. తెలిసే నిన్ను పక్కన కూచోబెట్టుకున్నా. దానికే, దానికే మండింది."

నేను దాచాననుకున్నది ఆమెకు ఎప్పుడో తెలుసు. నిజం చెబితే అబద్ధమాడానని ఒప్పుకోవాలి, ఆమె జీవితమంతా భక్తిగా చేసుకొచ్చిన పనిని నేను ఎంత చులకనగా చేశానో ఒప్పుకోవాలి. ఊరుకుంటే ఆమె ఈ మంటను చచ్చేదాకా మోస్తుంది. నేను ఎనిమిదేళ్ళుగా మోస్తున్నది ఎంత బరువో నాకు తెలుసు.

"అమ్మా, అది మిరప," అన్నాను. "నిన్న పొద్దస్తమానం తాలు ఏరాను. ముట్టుకోలేదని నీకు అబద్ధం చెప్పాను. అందరికీ మండింది. అయ్యగారికి కూడా."

అమ్మ నమ్మలేదు. నా చెయ్యి లాక్కుని, చూపుడువేలు తన పెదవికి ఆనించుకుంది. కాసేపు అలాగే పట్టుకుంది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఓసి నీ చేతులు పడ," అంది. "అయితే ఆ అన్నదమ్ములు?"

"మిరపే."

నవ్వింది. కీళ్ళు నొప్పెడుతున్నా పక్కటెముకలు పట్టుకుని మరీ నవ్వింది. అయ్యగారికి చెప్పి వస్తానంటే, "వద్దులే, ఆళ్ళిద్దరూ మళ్ళీ గట్టు దగ్గరికి పోతారు," అంది. ఆ తర్వాత నవ్వు ఆపి నా మొహంలోకి చూసింది.

"నీకూ మండిందిగా. ఏమనుకున్నావే?"

"నరకం అనుకున్నాను."

ఆమె మొహం ఒక్కసారిగా వెలిగింది. "అయితే నువ్వింకా..."

"లేదమ్మా." ఆ వెలుగు ఆర్పడం ఎంత కష్టమో నాకే తెలుసు. కానీ మళ్ళీ ఇంకో అబద్ధం ఆ ఇంట్లో ఆడలేకపోయాను. "నమ్మకం లేదు. భయమే ఉంది. అది పోవట్లేదు."

అమ్మ మెల్లిగా లేచి గూట్లోంచి ఆముదం సీసా తీసింది. మూత తిప్పడం చేతకాక నా చేత తిప్పించింది. నా రెండు చేతులూ తన ఒళ్ళో పెట్టుకుని, వాచిన వేళ్ళతో ఒక్కొక్క వేలికీ రాసింది. చాలాసేపు రాసింది.

"తెల్లారేసరికి చల్లారుద్దిలే," అంది.

చిన్నప్పుడు దాని వెనకే వచ్చిన, అక్కడిది చల్లారదన్న రెండో మాట కోసం నేను ఎదురుచూశాను. అమ్మ సీసా నా చేతికిచ్చి మూత పెట్టమంది.