నల్గొండ బస్సులో కుదిరిన గ్రాఫిక్స్ కార్డు

నల్గొండ నుంచి హైదరాబాద్ వెళ్లే బస్సులో నా పక్కన కూర్చున్నావిడ పేరు నాకు తెలియదు. యాభై ఏళ్లుంటాయి. గేమింగ్ కంప్యూటర్ కోసం నేను రాసుకున్న సామాన్ల చిట్టీని చాలాసేపు చూసింది. రెండేళ్లు ట్యూషన్లు చెప్పి దాచుకున్న డబ్బులో సగానికి పైగా ఒక్క గ్రాఫిక్స్ కార్డుకే పోతోంది.

“నీ స్క్రీన్ ఎంతది బిడ్డా?” అని అడిగింది.

“మామూలు ఫుల్ హెచ్‌డీదే అమ్మా.”

“మరి గింత పెద్ద కార్డెందుకు? నువ్వు రాసిన పవర్ సప్లై దీన్ని మొయ్యదు. ఆడుతాంటె నడుమల్నే బందైతది. దీనికంటె చిన్నది తీస్కో, మిగిలిన పైసలు పవర్ సప్లైకి పెట్టు.”

“ఇవన్నీ మీకెట్ల తెలుసమ్మా?” అని అడిగాను. ఆమె నవ్వి, తన చీర కొంగు తీసి నా ఒళ్లో పరిచింది.

“మేం నేసేటోళ్లం. గీ డిజైన్ నేనే కంప్యూటర్ల గీసిన. రెండు కార్డులు కాలవెట్టుకొని నేర్చుకున్న,” అంది.

చౌటుప్పల్‌లో ఆమె దిగిపోయింది. నేను చిట్టీలో పెద్ద కార్డు కొట్టేశాను.

దుకాణంలో అమ్మేవాడు మళ్లీ దాన్నే చూపించాడు, ఆడపిల్లకేం తెలుసన్నట్టు.

“వద్దన్నా, నా స్క్రీన్‌కు చిన్నదే సాలు. బిగించుడు గూడ నేనే బిగించుకుంట,” అన్నాను.

ఇంట్లో మొదటిసారి ఆడిన రోజు ఆట ఎక్కడా ఆగలేదు. బాపు కాసేపు నిలబడి చూసి, లోపలికి వెళ్లి అవ్వను పిలుచుకొచ్చాడు. నా వెనక కుర్చీ వేసి కూర్చోబెట్టాడు.

“నీ మనుమరాలు చేసిన కంప్యూటర్, సూడు,” అన్నాడు.