చొప్ప కొట్టిన ఆవకాయ కత్తి

మా ముసలి గేదెని బతికించింది బాబాయి కొన్న గడ్డి ముక్కలు చేసే మిషనేనని మా ఇంట్లో అందరూ చెబుతారు. మొన్న నూజివీడు బజారులో ఆవకాయకి ముక్కలు కొట్టిస్తుంటే, ఆ కత్తి చప్పుడు వినగానే బాబాయి కొత్త కోడలికి మళ్లీ అదే కథ ఎత్తుకున్నాడు. కాదండీ, మిషను వచ్చేసరికే గేదె నిగనిగలాడుతోంది.

నేను డిగ్రీ చదివేటప్పుడు వేసవి సెలవులకి ఇంటికొస్తే, ఆ గేదె పక్కటెముకలు తేలిపోయి కనిపించింది. గాడినిండా ఎండు జొన్నచొప్ప వేసినా ఆకు ఏరుకుని తిని దంట్లు వదిలేసేది. పొగరన్నారు, దిష్టన్నారు, చివరికి సంతకి తోలేద్దామన్నారు; వట్టిపోయిన ముసలి గేదెని సంతలో ఎందుకు కొంటారో మన తరానికి వేరే చెప్పాలా? దాని పాలు తాగి పెరిగినదాన్ని, ఒళ్లు మండి గేదె నోరు తెరిచి చూద్దును కదా, పళ్లన్నీ అరిగిపోయి ఉన్నాయి.

వెంటనే అటక మీది ఆవకాయ కత్తి దించి, టెంకని రెండు చేసే కత్తికి చొప్ప ఒక లెక్కా అనుకుంటూ, వేలెడేసి ముక్కలు కొట్టి, నీళ్లు చిలకరించి, తవుడు చల్లి పెట్టాను. నాన్నమ్మ కేకలకి వీధంతా పోగైంది.

"నీ చదువు చట్టుబండలు గానూ! పచ్చడి కత్తితో గొడ్డుకి మేత కొడతావుటే? జాడీకి బూజు పడితే ఎవరు తింటారు?"

"నువ్వు ఊట కలుపుకుని ముక్క పక్కన పెడితే పొగరన్నామా నాన్నమ్మా? నీ వక్క రోట్లో దంచి ఇవ్వట్లేదూ?"

ఆవిడ అప్పుడే తాంబూలం నోట్లో వేసుకోబట్టి గానీ, లేకపోతే నా పని అయిపోయేది.

గేదె మాత్రం గాడి అడుగు దాకా నాకేసింది. సెలవులు అయ్యేలోగా దానికి కండ పట్టింది, సంత మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. బాబాయి మిషను కొన్నది ఆ తర్వాత, అదీ నా అరచేతుల బొబ్బలు చూసి కాదు, కాలేజీ పిల్ల చొప్ప కొడుతోందని ఊరు నవ్వుతోందని. జాడీకి బూజూ పట్టలేదు. అయినా ఆ కత్తిని మళ్లీ వంటింట్లోకి రానివ్వలేదు.

ఇప్పుడు మోటారు మిషనులో చొప్ప ఇటు పెడితే అటు ముక్కలై రాలుతుంటే, ఎవరి చేతులకీ బొబ్బలు లేవు కదా అని నాకూ సంతోషమే. దసరాకి దానికి పసుపు, కుంకుమ, బంతిపూల దండ. పాక మూల తుప్పు పట్టిన నా కత్తికి ఒక్క బొట్టు పెట్టడానికి ఇన్నేళ్లూ ఎవరికీ చెయ్యెందుకు రాలేదో, బాబాయి ఆ కోడలికి చెబుతాడా?