సున్నం మాస్టారి సంతకం

సోమవారం నుంచి శనివారం దాకా ఆయన కుట్టుమిషన్ల మెకానిక్. ఆదివారం మాత్రం బొమ్మ విమానాల క్లబ్బుకి రక్షణాధికారి. జనానికీ విమానాలకీ మధ్య సున్నంతో గీత గీసి, దాటినవాడు మంత్రిగారైనా సరే వెనక్కి పంపేవాడు. అందుకే అందరూ ఆయన్ని సున్నం మాస్టారు అనేవాళ్లు. ఒళ్లు మండినవాళ్లు ఇంకోటి కూడా అనేవాళ్లు లెండి, అది ఇక్కడెందుకు.

ఆయన పెట్టే పరీక్షంటే అందరికీ హడలు. విమానాన్ని ఇద్దరు గట్టిగా పట్టుకోవాలి, మోటారు తిరుగుతుండాలి, అప్పుడాయన రిమోటును టక్కున ఆపేస్తాడు. సిగ్నల్ పోయిన మరుక్షణం మోటారు ఆగాలి. ఆగితే సంతకం, లేదంటే నమస్కారం.

ఆ ఏడాది పెద్ద పోటీలో చివరి పేరు ఆయన కూతురిది. రెండేళ్లపాటు మేడమీద గదిలో పుల్లా పుల్లా అతికించి బారెడు రెక్కల విమానం కట్టిందా పిల్ల. మాస్టారికి లోపల గుండె గంతులేస్తోంది, పైకి మాత్రం బిగదీసుకుని నిలబడ్డాడు. కూతురని చూసీ చూడనట్టు వదిలేస్తాడేమోనని మైదానమంతా ఆయన్నే చూస్తోంది.

రిమోటు ఆపాడు. మోటారు ఆగలేదు సరికదా, ఇంకా రెచ్చిపోయింది. పట్టుకున్న ఇద్దరినీ రెండడుగులు ఈడ్చుకుపోయింది.

"సంతకం పెట్టను."

"పావుగంటలో జాబితా మూసేస్తారు నాన్నా. ఈ ఒక్కసారికి వదిలెయ్."

"తగిలేదీ ఒక్కసారేనమ్మా. రిమోటుకి విమానాన్ని జత చేసినప్పుడు వేగం మీట ఎక్కడుంది?"

ఆ పిల్ల నాలుక కరుచుకుంది. జత చేసేటప్పుడు మీట ఎక్కడుంటే, సిగ్నల్ పోయినప్పుడు మోటారు ఆ వేగానికే పోతుంది. తొందరలో మీటను పైకి నెట్టి ఉంచింది మరి.

మోకాళ్ల మీద కూర్చుని మళ్లీ జత చేయసాగింది. సాయం పడదామని మాస్టారి చేతులు ఆత్రపడుతున్నాయి, కానీ అధికారి పోటీదారు విమానాన్ని ముట్టకూడదని నియమం రాసిందీ ఆయనే.

"ఓ చెయ్యి వేస్తే మీ సొమ్మేం పోయిందండీ?" అంది గీత అంచున నిలబడ్డ భార్య.

"ముందు నువ్వు వెనక్కి జరుగు."

రెండు నిమిషాలున్నాయనగా రెండోసారి పరీక్ష. మోటారు ఠక్కున ఆగింది. మాస్టారు సంతకం పెట్టాడు.

విమానం లేచింది చూడండి, మైదానం మొత్తం ఈలలే. పల్టీ కొట్టింది, తలకిందులుగా సాగింది. ఆనందం పట్టలేక మాస్టారు కూడా ఈలేశాడు. మూడో చుట్టులో అది జనం వైపు తిరిగింది.

"నాన్నా, చెప్పినట్టు వినట్లేదు."

మాస్టారు గీత వైపు పరిగెత్తాడు. అంతలో, సిగ్నల్ పోయిందేమో, పరీక్షలో ఆగినట్టే మోటారు మూగబోయింది. విమానం జారుతూ వచ్చి, గీతకి పదడుగుల ఇవతల గడ్డిలో కూలింది. రెక్క విరిగింది. దానికి సరిగ్గా ఎదురుగా, గీత వెనకాల, ఆయన భార్య నిలబడి ఉంది.

మాస్టారు విజిల్ ఊది పోటీ ఆపించాడు. రిజిస్టరులో జరిగిందంతా రాసి, కింద మళ్లీ తనే సంతకం పెట్టాడు. ఆ తర్వాత గీత మీదే చతికిలబడ్డాడు.

కూతురు విరిగిన రెక్క చంకన పెట్టుకుని వచ్చింది. కళ్లు తుడుచుకుంది.

"లే నాన్నా, గీత చెరిగిపోతోంది" అని, సున్నం డబ్బా అందుకుంది.