అమ్మ జాడీ మూత

మా మదనపల్లెలో హస్తకళల ఎగ్జిబిషన్ పెట్టారని తెలియగానే కుప్పంలో ఉన్న చెల్లెలికి ఫోన్ చేశాను. రమ్మంటే వస్తుంది, అందులో అనుమానం లేదు. ఉండమంటేనే ఉండదు. అమ్మ పోయాక అది మా ఇంట్లో ఒక్క రాత్రి పడుకోలేదు. పొద్దున బస్సుకు రావడం, సాయంత్రం బస్సుకు పోవడం. అన్నం తిని చెయ్యి కడిగేలోపే గోడ గడియారం వైపు చూస్తుంది. అమ్మ ఉన్నప్పుడు పుంగనూరు ఇంట్లో వారాల తరబడి దొర్లిన మనిషే! నా ఇల్లు దానికి పుట్టిల్లు కాలేకపోయింది కదా అని లోపల మండేది. పైకి మాత్రం అనలేదు. బతిమాలడం నాకు చేతకాదు.

ఈసారి నాకింకో పని కూడా ఉంది. మామిడికాయలొచ్చేశాయి, ఆవకాయ పెట్టాలి. అమ్మ జాడీ నా దగ్గరే ఉంది గానీ దానికి మూత లేదు. పుంగనూరు ఇల్లు ఖాళీ చేసిన రోజు ఎంత వెతికినా దొరకలేదు. ఎవరి చేతిలోనో జారి పగిలిపోయి ఉంటుందనుకున్నాను. అప్పట్నుంచీ స్టీలు పళ్లెం కప్పి నెట్టుకొస్తున్నాను. అమ్మ చూసి ఉంటే నన్ను కడిగేసేది. అందుకే జాడీ మూతి చుట్టూ నూలుదారం తిప్పి, కొలతకు ముడివేసి, పర్సులో పెట్టుకుని బయల్దేరాను.

కల్యాణ మండపం నిండా అంగళ్లు. మొదట్లోనే మట్టి జుంకాలు, పూసల దండలు, లక్క గాజులు. "ఈ వయసులో మనకు ఎర్ర జుంకాలేందక్కా" అంటూనే చెల్లెలు చెవులకున్నవి తీసేసి వాటిని పెట్టుకుంది. అద్దం ముందు మెడ అటు తిప్పింది, ఇటు తిప్పింది. అచ్చం అమ్మ లాగే పెదవి బిగించి చూసుకుంది. "బాగుండాయి, తీసుకో" అని మాత్రం అన్నాను.

ఆ పక్కనే పింగాణీ సామాన్లు. నీలం కప్పులు, ఆకుపచ్చ గిన్నెలు, ఎంతో నున్నగా ఉన్నాయి. మేమిద్దరం ఏమీ అనుకోకుండానే చెరో గిన్నె తీసుకుని వేలి కణుపుతో టకటకా కొట్టి, చెవి దగ్గర పెట్టుకున్నాం. అమ్ముతున్న అమ్మాయి గుండె పట్టుకుంది. "అమ్మా, పగుల్తాయి!" మాకు నవ్వాగలేదు.

ఆ అలవాటు అమ్మది. మా చిన్నప్పుడు ఈ మదనపల్లె బజారులోనే జాడీ కొన్నప్పుడు, ఒక్కోదాన్నీ కొట్టి వింటుంటే అంగడాయన మొహం మాడ్చుకున్నాడు. అమ్మ లెక్కచేయలేదు. ఖంగుమన్నదే తీసుకుంది. పుంగనూరు బస్సులో జాడీని ఒడిలో పెట్టుకుని, గతుకులకు మూత ఎగిరి పగులుతుందని దాన్ని వేరేగా చెల్లెలి చేతికిచ్చింది. "కింద పడేస్తివంటే ఇంట్లోకి రానియ్యను సూడు" అంది. నాకు కొత్త పూసల దండ ఉంది గనక నేను కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. చెల్లెలు మాత్రం మూతను పొట్టకు అదుముకుని, ఇల్లు చేరినా అమ్మకు ఇవ్వనని ఏడ్చింది.

ఆ అంగట్లో విడిగా మూతలు కూడా ఉన్నాయి. దారం తీసి ఒక మూత చుట్టూ తిప్పాను. ముడి సరిగ్గా కలిసింది.

"ఏందక్కా అది?"

"అమ్మ జాడీ కొలత."

కట్టివ్వమని ఆ అమ్మాయికి చెప్పబోతే చెల్లెలు మూత మీద చెయ్యి పెట్టింది.

"కొనొద్దక్కా."

"యాల?"

"పాత మూత పగల్లేదు. నాకాడ ఉండాది."

నాకు ఒళ్లు మండింది. "వచ్చినప్పుడల్లా ఆ స్టీలు పళ్లేన్ని సూస్తానే ఉండావే, ఒక్క మాటన్నా చెప్పినావా?"

"చెప్తే అడుగుతావని." దాని కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "అమ్మ వంటింట్లోది ఏదో ఒకటి నాకు కావాల్సొచ్చిందక్కా. దాన్ని తిరగేసి అమ్మ కమ్మలు అందులో పెట్టుకున్యాను. పొద్దున లేస్తానే సూసుకుంటాను."

ఇంకేం తిట్టను? "సరేలే, నీకాడే ఉండనీ. నేను ఇది కొనుక్కుంటా."

చెల్లెలు చెయ్యి తియ్యలేదు. "అమ్మ జాడీకి వేరే మూత యాల? ఆవకాయ ఎప్పుడు పెడతాండావు?"

"వచ్చే వారం."

"అయితే మూత తెస్తాను. ఇద్దరం కలుపుదాం. ఊరిందాకా అది జాడీ మీదనే ఉండనీ. తర్వాత తీసుకుని పోతా. నువ్వు నీ పళ్లెం పెట్టుకో."

"ఊరిందాకా అంటే... నువ్వో?"

"మూతను వదిలిపెట్టి నేను యాడికి పోతాను?" అని ముక్కు తుడుచుకుంది.

సాయంత్రం అది మామూలుగానే కుప్పం బస్సెక్కింది, చెవులకు ఎర్ర జుంకాలతో. నేను ఇంటికొచ్చి జాడీ కడిగి బోర్లించాను. తర్వాత అటక మీదున్న రెండో పరుపు దించాను.