టేపక్క చాప

పార్సిళ్ల షెడ్డులో అట్టపెట్టెలకు టేపు అంటించే ఆమెను అందరూ టేపక్క అనే పిలిచేవారు. పెట్టె నడుమ ఒక్క లాగు లాగి, కత్తెరతో పని లేకుండా బొటనవేలి గోటితోనే తెంపేది. ఆ ఉదయం షెడ్డు తలుపు దాటగానే ఆమెకు మొదట కనిపించింది చెత్తడబ్బా పక్కన పడి ఉన్న తన చాప. దాని మీద ఎవరో ఫినాయిలు గుమ్మరించారు. నీలం చాప అక్కడక్కడా తెల్లగా పాలిపోయింది.

వంగీ లేచీ నడుములు పట్టేస్తున్నాయని, పనికి ముందు అందరిచేతా అరగంట వ్యాయామం చేయించడం ఆ షెడ్డులో ఆనవాయితీ. వ్యాయామం మాస్టారు విజిల్ ఊది మొదలుపెట్టి, ఆ రోజు వంతు ఎవరిదైతే వాళ్ల చేతికి దాన్ని అందించేవాడు. వాళ్లు ఊదినప్పుడల్లా వరుసంతా వంగాలి, లేవాలి.

ఆ అరగంట టేపక్కకు తిండికన్నా ముఖ్యం. తనకు హెర్పీస్ అనే పొక్కుల జబ్బు ఉందని తెలిసిన కొత్తలో ఆమె దాన్ని చెమటతో బయటికి తోసేయాలనుకుంది. బిగుతు నైలాన్ పైజామా తొడుక్కుని దయ్యం తరుముతున్నట్టు పరిగెత్తింది. తొడలు ఒరుసుకుపోయి, ఒళ్లు హూనమై, పొక్కులు మళ్లీ లేచాయి. డాక్టరమ్మ తల పట్టుకుంది.

"వ్యాయామంతో ఇది పోదమ్మా. కానీ మనసు కుదుటపడితే, నిద్ర పడితే, పొక్కులు రావడం తగ్గొచ్చు. మితంగా చెయ్యి. వదులుగా ఉండే నూలు బట్టలు వేసుకో. పొక్కులు లేచినప్పుడు మాత్రం విశ్రాంతి తీసుకో."

టేపక్క చెప్పినట్టే చేసింది. మాత్రలు ఎలాగూ ఉన్నాయి. వాటికి ఈ అరగంట తోడయ్యాక బెంగ తగ్గింది, నిద్ర పట్టింది, పొక్కులు అరుదయ్యాయి. ఇప్పుడు ఆ వ్యాయామానికి పరుచుకునే చాపనే చెత్తడబ్బా పక్కన పారేశారు.

జబ్బు ఎక్కడినుంచి వచ్చిందో ఇంట్లో తెలియనివారు లేరు. పెళ్లినాటికే అది ఉన్న భర్త నోరు విప్పలేదు. ఆయనకు పొక్కులు లేస్తే "పాపం, వ్యాను తోలి తోలి వేడి చేసింది" అని నిమ్మరసం కలిపిచ్చిన ఇల్లే, ఆమెకు గ్లాసు వేరు చేసింది. ఆ గ్లాసు సంగతిని షెడ్డు దాకా మోసుకొచ్చింది ఇక్కడే పనిచేసే ఆడపడుచు.

"ఎవరు పోశారిది?" టేపక్క చాపను ఎత్తి పట్టుకుంది.

ఆడపడుచు గొంతు సవరించుకుంది. "నేనే వదినా. అందరి చాపలూ ఒకచోటే పెడతాం కదా. ఏదో, జాగ్రత్తకి..."

"మీ అన్న చొక్కాల మీద కూడా పోశావా?"

వెనక వరుసలో ఎవరో కిసుక్కుమన్నారు. మాస్టారు కల్పించుకున్నాడు. "పొద్దున్నే గొడవెందుకమ్మా? కొన్నాళ్లు పక్కన కూర్చో. నీ మంచికే చెప్తున్నా."

"నా మంచి కూర్చుంటే రాదు మాస్టారూ, వంగి లేస్తే వస్తుంది. చర్మానికి చర్మం తగిలితే అంటుకునే జబ్బిది. నేనేమన్నా మీ మీద పడి వ్యాయామం చేస్తున్నానా?"

ఈసారి వరుసంతా నవ్వింది. మాస్టారి ముఖం కందగడ్డయింది. అదుపు తప్పిన గుంపును దారికి తేవడానికి గట్టిగా విజిల్ ఊది, అలవాటు చొప్పున దాన్ని ఆ రోజు వంతు వచ్చిన ఆడపడుచు చేతిలో పెట్టాడు. అప్పుడు చూసింది టేపక్క, ఆయన పై పెదవి మీది పొక్కును.

"ఆగవే! మాస్టారూ, మీ మూతి మీద అదేంటి?"

"ఇదా? వేడి పొక్కు. వస్తుంటుంది, పోతుంటుంది."

"ఆ పొక్కు పేరు కూడా హెర్పీసే. మా డాక్టరమ్మ పెదవి బొమ్మ చూపించి మరీ చెప్పింది. మూతి మీద లేస్తే వేడి, నడుము కింద లేస్తే నడతా? తాకకుండా ఉన్న నా చాపకేమో ఫినాయిలు! మీ నోట్లోది తీసి ఇంకొకరి నోట్లో పెడుతుంటే ఒక్కరికీ గుర్తురాలేదే ఆ సీసా?"

మాస్టారి చెయ్యి తనంత తానే పెదవి మీదికి వెళ్లింది. ఆడపడుచు తడి విజిల్ వంక చూసింది. నోట్లో పెట్టుకోలేదు, తిరిగి ఇవ్వనూలేదు. మెల్లగా ఒక అట్టపెట్టె మీద పెట్టి, చేతిని పైజామాకు తుడుచుకుంది.

టేపక్క ఎవరి అనుమతీ అడగలేదు. మొదటి వరుసలో, తన పాత చోటులో, చాపను దులిపి పరిచింది. అటూ ఇటూ ఉన్నవాళ్లు ఒక్కో పెట్టె పట్టేంత దూరం జరిగారు. ఎవరూ తప్పయిందనలేదు.

ఆడపడుచు విజిల్‌కు బదులు చప్పట్లు కొట్టడం మొదలుపెట్టింది. చప్పట్ల లెక్కకు నడుములు వంగాయి. రెండోసారి వంగినప్పుడు ఆడపడుచు ముక్కు చిట్లించింది.

"వదినా, నీ చాప కంపు కొడుతోంది."

"కొట్టదా మరి? నువ్వు పోసిందేగా," అంది టేపక్క, తల ఎత్తకుండానే. "పీల్చు. చప్పట్లు ఆపకు."